ఆస్పత్రి మూడో అంతస్తు

అమెరికాలో సాన్ ఫ్రాన్సిస్కో అనే మహానగరం ఉన్నది. మీరెప్పుడైనా అక్కడికి పోతే ఒక రైలెక్కండి. ఆ రైలు అఖాతం అడుగున వేసిన గొట్టంలోగుండా పోయి అవతలి ఒడ్డున పైకి వస్తుంది. కొంత దూరం పోగానే బర్క్లీ అనే పట్నం వస్తుంది. ఊరు కొండవాలు మీద ఉంటుంది. అక్కడి విశ్వవిద్యాలయం ప్రపంచమంతటా పేరుపడ్డది.

అయితే మనం చూడబోతున్నది చదువులకు కాదు. కొండ మొదట, ఆటల స్టేడియం పక్కన, వ్యాపారశాస్త్రం నేర్పే పెద్ద భవనాలున్నాయి చూడండి. 1993 దాకా ఆ చోట కోవెల్ అనే ఆస్పత్రి ఉండేది. అది విద్యార్థుల ఆస్పత్రి. ఇప్పుడక్కడ దాని రాయి కూడా లేదు. కాని దాని మూడో అంతస్తులో జరిగినది వింటే మీకు ఆశ్చర్యం కలుగుతుంది.

1962లో ఆ ఆస్పత్రికి ఎడ్ రాబర్ట్స్ అనే కుర్రవాడు వచ్చాడు. అతను వచ్చింది వైద్యానికి కాదు, కాపరానికి! 1953లో, అతనికి పధ్నాలుగేళ్ళప్పుడు, పోలియో వచ్చింది. పోలియో టీకా అందరికీ అందినది 1955లో, రెండేళ్ళు ఆలస్యమైంది. రెండు చేతివేళ్ళూ, కొన్ని కాలివేళ్ళూ తప్ప మెడ కింద ఏదీ కదలదు. ఊపిరి పీల్చటానికి కూడా కండరాలు పనిచెయ్యవు. అందుకని అతను రాత్రంతా ఒక ఇనప పీపాలో పడుకోవాలి. దాన్ని ఇనప ఊపిరితిత్తి అంటారు. తల మాత్రం బయట ఉంటుంది. పీపాలో గాలి పీడనం తగ్గినప్పుడు రొమ్ము ఉబ్బి, ముక్కులోకి గాలి వస్తుంది. పీడనం పెరిగినప్పుడు గాలి బయటికి పోతుంది. పగటిపూట ఆ పీపా వదిలి బయటికి రావటానికి, కప్పలాగా గాలిని గుటకలు వేసి మింగటం అతను నేర్చుకున్నాడు.

హైస్కూలు పాఠాలు చాలాకాలం టెలిఫోనులో విన్నాడు. చివరకు, కసరత్తూ, కారు నడపటమూ నేర్చుకోలేదు గనక పట్టా ఇవ్వమన్నారట! తల్లి ఊరుకుంటుందా? పైవాళ్ళ దగ్గరికి పోయి పోట్లాడి ఇప్పించింది.

విశ్వవిద్యాలయం వాళ్ళూ మొదట సంకోచించారు. ఇనప పీపా బరువు సుమారు 360 కిలోలు. హాస్టలు గదిలో పట్టదు. అప్పుడు విద్యార్థుల ఆస్పత్రి పెద్దడాక్టరు, "మా మూడో అంతస్తులో చోటున్నది" అన్నాడు. అలా ఎడ్ అక్కడ చేరాడు.

మరుసటి ఏడు జాన్ హెస్లర్ అనే మరొకడు వచ్చాడు. అతను నీళ్ళలోకి దూకి మెడ విరగ్గొట్టుకుని, అంతకు ముందు ఆస్పత్రిలోనే ఏళ్ళు గడిపినవాడు. ఆ తరవాత ఒక్కొక్కరే రాసాగారు. 1969 నాటికి పన్నెండుమంది దాకా అయ్యారు. ఇక్కడే ఉన్నది అసలు సంగతి.

ఇంటి నుంచి కొత్తగా వచ్చిన కుర్రవాణ్ణి ఊహించుకోండి. అన్నం పెట్టటం, స్నానం చేయించటం, ఎప్పుడు నిద్రపోవాలో చెప్పటం — అన్నీ అమ్మ చేసింది. అమ్మ ప్రేమతోనే చేసింది, కాదనం. కాని వాడు తన నోటితో ఎవరికీ ఏ పనీ చెప్పి ఎరగడు. డాక్టర్లు వాడికి ధైర్యం చెప్పి ఉంటారు. వాళ్ళు నడవగలవాళ్ళు. వాళ్ళ మాట వాడికి ఏం నమ్మకం?

మూడో అంతస్తులో మటుకు, తనలాగే కాళ్ళూ చేతులూ కదలనివాడు సాయానికి ఒక మనిషిని తానే కుదుర్చుకుంటాడు, పని నేర్పుతాడు, సరిగా చెయ్యకపోతే మానిపిస్తాడు. క్లాసుకు పోతాడు. సినిమాకు పోతాడు. రాత్రి ఆలస్యంగా వచ్చి నవ్వుతూ కబుర్లు చెబుతాడు. అది కళ్ళారా చూసినవాడికి వేరే ఉపన్యాసం అక్కర్లేదు. కుర్చీ చక్రం పాడైతే ఏం చెయ్యాలో, జనం గుడ్లప్పగించి చూస్తే ఎలా ఉండాలో పాతవాడు కొత్తవాడికి చెప్పేవాడు. వచ్చే ఏటికి ఆ కొత్తవాడే పాతవాడయేవాడు.

ఈ జట్టు తమకు తామే "రోలింగ్ క్వాడ్స్" అని పేరు పెట్టుకున్నది. "క్వాడ్" అంటే కాళ్ళూ చేతులూ నాలుగూ పడిపోయినవాడు. అటువంటివాళ్ళు చక్రాల మీద దొర్లుతూ పోతున్నారన్నమాట! తమను తామే వేళాకోళం చేసుకోగలగటం చిన్న విషయం కాదు.

ఒకసారి వాళ్ళకు పరీక్ష వచ్చింది. ప్రభుత్వం తరఫున కొత్తగా వచ్చిన అధికారిణి, చదువు సరిగా సాగటంలేదని ఇద్దరు విద్యార్థులను అక్కణ్ణుంచి పంపెయ్యాలన్నది. పోతే ఎక్కడికి పోవాలి? మళ్ళీ ఏ ముసలివాళ్ళ ఆస్పత్రికో. మిగిలినవాళ్ళు ఊరుకోలేదు. అంతా ఒకటై, పత్రికలవాళ్ళను పిలిచి సంగతి చెప్పారు. ఆ ఇద్దరూ పోలేదు. అధికారిణికి బదిలీ అయింది.

ఇక కొండ దిగి టెలిగ్రాఫ్ వీధికి రండి. మూలమలుపుల్లో పేవ్‌మెంటు అంచు రోడ్డులోకి వాలుగా దిగుతుంది చూశారా? చక్రాల కుర్చీకి ఆరంగుళాల మెట్టు గోడతో సమానం. ఈ కుర్రవాళ్ళూ, వాళ్ళ స్నేహితులూ పట్టుబట్టిన మీదట 1971లో పురపాలక సంఘం ఈ వాలులకు ఒప్పుకున్నది. రాత్రివేళ సమ్మెటలతో అంచులు తామే పగలగొట్టారని ఒక కథ కూడా చెబుతారు. కొంత పెంచి చెప్పినదే అయి ఉంటుంది! ఇప్పుడు ఆ వాలు మీదనే తోపుడు బండిలో పసిపాపలూ, పెట్టెలు లాక్కుపోయే ప్రయాణికులూ దిగుతున్నారు.

1972లో ఊళ్ళోవాళ్ళ కోసం కూడా ఒక కేంద్రం పెట్టారు. అది మొదట రెండు పడకగదుల ఇంట్లో ఉండేది. వికలాంగులకు వికలాంగులే సలహా చెప్పాలన్నది అక్కడి పద్ధతి. ఇంకో తమాషా వినండి. ఎడ్ ఏ పనికీ పనికిరాడని ఒకప్పుడు ప్రభుత్వ పునరావాస శాఖ తేల్చింది. 1975లో కాలిఫోర్నియా గవర్నరు ఆ శాఖకే అతన్ని అధిపతిగా నియమించాడు!

ఎడ్ 1995లో చనిపోయాడు. ఊరికి దక్షిణాన ఆష్బీ స్టేషనులో రైలు దిగితే, అతని పేరుతో 2010లో తెరిచిన భవనం ఎదురుగానే కనిపిస్తుంది. లోపల ఎర్రటి వాలుదారి చుట్టలు తిరుగుతూ మేడ మీదికి పోతుంది. ఇద్దరు పక్కపక్కన మాట్లాడుకుంటూ పోవచ్చు. ఆనాటి కేంద్రం ఇప్పుడు ఇందులోనే ఉన్నది. సలహా కోసం లోపలికి పోయిన పిల్లవాడికి బల్ల అవతల, తనలాగే చక్రాల కుర్చీలో కూర్చున్న మనిషి ఎదురుపడవచ్చు.