డెమెరారా రమ్ము

దక్షిణ అమెరికా ఖండానికి ఈశాన్యపు అంచున గయానా అనే దేశం వున్నది. పటంలో ఖండాన్ని అంటుకుని వున్నా, దాని మాటా పాటా ఆటా అన్నీ కరిబియన్ దీవులవే. మన క్రికెట్ అభిమానులకు ఈ దేశం కొత్త కాదు. 1958-59లో కలకత్తాలో 256 పరుగులు తీసి మన బౌలర్లను ఏడిపించిన రోహన్ కన్హాయ్ ఇక్కడి పోర్ట్ మోరంట్ అనే చెరకుతోటల ఊరివాడే. ఆ ఊరిపేరు లోకమంతా తెలియడానికి మరొక కారణం కూడా వున్నది. అది రమ్ము.

పంచదార తీయగా మిగిలిన మడ్డిని పులియబెట్టి బట్టీ పడితే వచ్చేది రమ్ము. పోర్ట్ మోరంట్ విశేషమంతా బట్టీపాత్రలో వున్నది. ఇతరచోట్ల పాత్ర రాగిదో ఉక్కుదో అయితే, ఇక్కడ గ్రీన్‌హార్ట్ అనే గట్టి కర్రతో చేసిన రెండు పెద్ద తొట్లు, వాటిపైన రాగి మెడలు. 1732 నాటివని చెబుతారు. ఊళ్ళో బట్టీ మూతపడ్డాక అవి చోట్లు మారి, నేడు జార్జిటౌన్‌కు దక్షిణాన, డెమెరారా నది ఒడ్డున వున్న డైమండ్ కర్మాగారంలో పనిచేస్తున్నాయి. పాడైన చెక్కలను ఎప్పటికప్పుడు మారుస్తారట. రుచి మాత్రం మారలేదంటారు.

బట్టీ దిగిన సారాకు రంగు వుండదు. దానిని ఓక్ పీపాలలో పోసి ఏళ్ళతరబడి నిలవచేస్తారు. రంగూ, సగం రుచీ ఆ చెక్క ఇచ్చినవే. ఊరికే ఇస్తుందా? ఏటా కొంత సరుకు చెక్క గుండా ఆవిరై పోతుంది. దానికి ‘దేవదూతల వాటా’ అని ముద్దుపేరు. స్కాట్లండు చలిలో దేవదూతలు ఏటా 100కి 2 పాళ్ళతో తృప్తిపడతారు. గయానా ఉక్కలో 6 పాళ్ళదాకా పుచ్చుకుంటారు. ఆ లెక్కన 20 ఏళ్ళు గడిస్తే 100 లీటర్లలో 30 కూడా మిగలవు!

జార్జిటౌన్‌లో ఒక పెద్దమనిషి ఇంట అటువంటి రమ్ము నాకు రుచి చూపించారు. వయస్సు 20 దాటింది. మామూలు రమ్ములో ఆల్కహాలు 100కి 40 పాళ్ళుంటే, నీళ్ళు కలపకుండా పీపానుంచి నేరుగా సీసాకెక్కిన ఇందులో 60కి పైనే. గ్లాసును ముక్కుకు దూరంగా పట్టుకోమని ఆయన ముందే హెచ్చరించారు. మొదట తగిలింది సోపు వాసన. వెనుకనే అతిమధురం, ఎండుద్రాక్ష. ఆపైన అరిసెల పాకం కొంచెం అడుగంటినప్పుడు వచ్చే కమ్మని మాడు వాసన. నాలుక మీద చుక్క పడగానే నిప్పు! మంట చల్లారాక తీపి, వగరు, చేదు ఒకటొకటిగా బయటపడ్డాయి. నాలుగు చుక్కల నీళ్ళు కలిపితే వాసనలు మరింత విచ్చుకున్నాయి. దీనిని తీర్థం పుచ్చుకున్నంతే పుచ్చుకోవాలి. పావుగంట తరువాత కూడా నోట్లో సోపు వాసన పోలేదు.

ఆ పెద్దమనిషి పూర్వులు మద్రాసు రేవులో ఓడెక్కి వచ్చిన కూలీలు. 1838 మొదలు 1917 వరకు మనదేశంనుంచి రెండు లక్షలకు పైగా జనం ఒప్పందం మీద ఈ చెరకుతోటలకు వచ్చారు. ఉత్తరాదివారే ఎక్కువ. మద్రాసునుంచి వచ్చిన కొద్దిమందిలో తమిళులు, తెలుగువారు కలిసి వున్నారు. రామ్‌సామీ, వీరాసామీ వంటి పేర్లు ఈనాటికీ అక్కడ వినిపిస్తాయి. భాష మాత్రం నిలవలేదు. ముత్తాత ఏ ఊరివాడో ఆయనకు తెలియదు. మారియమ్మ పూజలో మోగించే వాయిద్యం పేరేమని అడిగాను. “తప్పు” అన్నారు. తమిళుల తప్పే, మన డప్పు!

పీపాలో తరిగినదానికి లెక్క వున్నది. సీసామీద ఏళ్ళు అచ్చువేసి దానికి ధర కడతారు. ఆ తోటల్లో చెరకు నరికినవారి నోళ్ళలో తరిగిపోయిన మాటలకు ధర కట్టేదెవరు? మన విశ్వవిద్యాలయాలవారు ఎవరైనా వెళ్ళి అక్కడి పేర్లు, పూజలు, పాటలు వ్రాసుకుని వస్తే ఎంతో మేలు. మిగిలిన ఆ కాస్తా ఆవిరి కాకముందే వెళ్ళాలి.