కట్టవలసినది పడవకు

మన సంభాషణల్లో తరచుగా వినిపించే పదాల్లో వైరాగ్యం ఒకటి. తరచుగా అపార్థానికి గురయ్యేదీ అదే. "అంతా అనిత్యమే కదా" అంటూ తలుపు గడియ పెట్టనివాణ్ణి విరాగి అనలేము, ప్రమత్తుడు అనాలి. తనదనుకున్న ప్రతి వస్తువునూ ప్రాణంతో ముడివేసుకున్నవాడు రక్షకుడనిపించుకోడు, బద్ధుడవుతాడు. ఈ రెండింటి నడుమ మార్గమేదో శాస్త్రగ్రంథాల్లో చదివాను, చెప్పాను. అది నా కళ్లకు ప్రత్యక్షంగా కనిపించింది మాత్రం ఒక చేపల పడవలో.

కోనసీమలో వేదాధ్యయనం చేసిన నేను కొన్నేళ్లుగా అమెరికాలోని జార్జియా రాష్ట్రంలో ఒక దేవాలయంలో అర్చకత్వం నిర్వహిస్తున్నాను. ఇక్కడ వాహనపూజలు నిత్యకృత్యం. గత వైశాఖంలో ఒక భక్తుడు ట్రెయిలర్ మీద పడవను ఎక్కించుకుని ఆలయప్రాంగణానికి వచ్చాడు. ఆయన కాకినాడ సముద్రతీరాన మత్స్యకార వంశంలో జన్మించినవాడు. ఇక్కడ సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తూ, సెలవుదినాల్లో లేనియర్ సరోవరంలో చేపలు పడుతుంటాడు. చట్టహూచీ నదిపై బ్యూఫోర్డ్ ఆనకట్ట కట్టగా 1950ల దశకంలో ఏర్పడిన జలాశయమది.

మత్స్యవధకు సాధనమైన పడవకు దేవాలయంలో పూజ ఏమిటని ఒక పెద్దాయన సందేహించారు. సందేహం సహేతుకమే. అయితే వేదాలను విభజించిన వ్యాసభగవానుని కన్నతల్లి యమునపై పడవ నడిపిన దాశరాజు ఇంటి బిడ్డ. కౌశికుడనే తపస్వి ధర్మసూక్ష్మాన్ని గ్రహించడానికి మిథిలలో మాంసం విక్రయించే ధర్మవ్యాధుని గుమ్మం ముందు నిలిచాడు. ఆ పడవలో కూర్చునేవారి ప్రాణరక్షణకై చేసే ప్రార్థనను కాదనడానికి నాకు ఆధారం కనిపించలేదు.

ఆ ప్రార్థనకు కారణముంది. అంతకుముందు వేసవిలో ఆయన అద్దె పడవలో పదకొండేళ్ల కుమారునితో సరోవరం మీదికి వెళ్లాడు. పిల్లవాని గాలపు కర్ర, వారి వాడుకలో రాడ్డు, పడవ అంచుకు ఊరకే ఆనించి ఉంది. లేనియర్‌లో స్ట్రైప్డ్ బాస్ అనే బలిష్ఠమైన చేపలుంటాయి. ఒకటి ఎరను పట్టి లాగింది. కర్ర క్షణంలో అంచు దాటింది. దాని వెనుకే పిల్లవాడు నడుము దాకా బయటికి దూకాడు. ఆ కర్ర వాని తాతగారు కాకినాడ నుంచి వచ్చినప్పుడు పుట్టినరోజుకు కొనిచ్చినది. ఆ తరువాత ఆరు మాసాలకే తాతగారు స్వర్గస్థులయ్యారు. పదమూడేళ్ల లోపు పిల్లలు కదులుతున్న పడవలో లైఫ్ జాకెట్ ధరించాలని జార్జియాలో చట్టముంది. ఆ జాకెట్ పట్టీయే తండ్రి చేతికి చిక్కింది. పిల్లవాడు దక్కాడు. కర్ర జలగర్భంలో కలిసింది. ఆ సరోవరం కొన్నిచోట్ల నూరు అడుగులకు మించిన లోతు.

పూజానంతరం కొత్త పడవలోని ఏర్పాట్లు చూపమని అడిగాను. తండ్రి శ్రద్ధగా వివరించాడు. కర్రలు నిలపడానికి పడవ అంచుల్లో ఏటవాలుగా గొట్టాలు బిగించి ఉన్నాయి. కొన్ని గొట్టాల అడుగున అడ్డకమ్మీ ఉంటుంది, కర్ర మొదట్లోని గాడి దానిపై కూర్చుంటే కర్ర గిరగిర తిరగదు. అయినా గొట్టాన్ని మాత్రమే నమ్మకూడదట. రీలుకు ఒక తాడు తగిలించి, దాని రెండవ కొసను పడవకే బిగించిన క్లీట్‌కు కట్టాలి. క్లీట్ అంటే మోకు చుట్టడానికి రెండు కొమ్ములతో ఉండే లోహపు బిగింపు. పడవ వేగంగా సాగేటప్పుడు దారాలన్నీ చుట్టి, గాలాలను తగిలించి, కర్రలను అడ్డంగా పడుకోబెట్టి పట్టీలతో బంధించాలి.

అంతకన్నా నన్ను ఆకర్షించినవి రెండు నియమాలు. ఒకటి, రీలులో డ్రాగ్ అనే నిరోధకముంది. దానిని పూర్తిగా బిగించకూడదు. దారం తెగే బలంలో నాలుగవ వంతు మొదలు మూడవ వంతు వరకు బిగింపు ఉంచడం వారి ఆనవాయితీ. చేప బలంగా లాగినప్పుడు దారం కొంత జారిపోవాలి. జారనివ్వకుంటే దారం తెగుతుంది, లేదా కర్ర విరుగుతుంది. రెండవది, ఆ రక్షకరజ్జువును ఎన్నడూ తన మణికట్టుకో నడుముకో కట్టుకోకూడదు. పడవకే కట్టాలి. తనకు కట్టుకున్నవాడు కర్రతోపాటు తానూ నీటిపాలవుతాడు.

ఈ నియమం వినగానే నా వృత్తి నాకు స్ఫురించింది. స్వామివారి ఆభరణాలు నా సంరక్షణలో ఉంటాయి. ప్రతి ఉత్సవానికీ లెక్క చూసి అలంకరిస్తాను, లెక్క చూసి భద్రపరుస్తాను, పుస్తకంలో సంతకం చేస్తాను. ఒక్క ముత్యం సడలినా నిద్రపట్టదు. అయినా అందులో గురివెందగింజంతైనా నాది కాదు. అవి స్వామికి కట్టి ఉన్నాయి, నాకు కాదు. జాగ్రత్తకు మమకారం అవసరం లేదని ఈ వృత్తి నాకు ప్రతిదినమూ చెబుతూనే ఉంది. గృహస్థుకు ధనమూ, గృహమూ, సంతానమూ కూడా ఈశ్వరుడు అప్పగించిన ఆభరణాలే.

ఆనాడు పిల్లవాడు నా దగ్గరికి వచ్చి అడిగాడు. "పంతులుగారూ, తాతయ్య ఇచ్చింది మునిగిపోతుంటే చూస్తూ కూర్చోవాలా?"

ఆ ప్రశ్నకు శ్లోకంతో సమాధానం చెప్పబుద్ధి కాలేదు. "లేదు నాయనా. నీళ్లు నిశ్చలంగా ఉన్నప్పుడే కట్టి ఉంచాలి. అది నీ పని. కట్టినది కూడా తెగిపోతే అప్పుడు పోనివ్వాలి. తాతగారు నీకు కర్ర ఇచ్చింది నువ్వు పడవలో ఉండాలని" అన్నాను. వాడు చాలాసేపు మౌనంగా ఉన్నాడు. ఆపై తండ్రి చేతిలోని తాడు తీసుకుని క్లీట్‌కు తానే ముడివేశాడు. ముడి వదులుగా ఉంటే తండ్రి విప్పి మళ్లీ వేయించాడు.

ప్రళయకాలంలో సత్యవ్రతమహారాజు ఓడను మత్స్యమూర్తి కొమ్ముకు వాసుకిని రజ్జువుగా చేసి కట్టాడని పురాణం. ఆ మహాజలాల్లో ఋషులెవరూ ఆ తాడును తమ దేహాలకు చుట్టుకోలేదు. ఓడ భగవంతునికి కట్టి ఉంది, వారు ఓడలో ఉన్నారు. అందుకే ఆ భీకరరాత్రిలో వారికి తత్త్వశ్రవణానికి అవకాశం కలిగింది.

లోకంలో మనం చేసేది తరచుగా తలక్రిందులు. కట్టవలసిన వేళ ఉపేక్షిస్తాం, పోయిన తరువాత దూకుతాం. సంధ్యావందనం, జపం, నియమితాహారం వంటివి నిశ్చలజలాల్లో వేసుకునే ముడులు. తుఫానులో ముడి వేయడం ఎవరికీ సాధ్యం కాదు. సాధకులు ఈ పూట తమ పడవను ఒకమారు పరిశీలించుకోవాలని ప్రార్థన. ఏ వస్తువు ఊరకే అంచుకు ఆనించి ఉందో, ఏ తాడు పడవకు బదులు తమ మణికట్టుకు చుట్టి ఉందో చూసుకోండి. రెంటినీ సరిదిద్దుకోవడానికి పట్టే సమయం స్వల్పమే.

స్వస్తి.