అలల పట్టణం బియారిట్జ్

ఫ్రాన్సు దేశపు నైరుతి మూలన, స్పెయిన్ సరిహద్దుకు చేరువలో, అట్లాంటిక్ తీరాన వెలసిన పట్టణం బియారిట్జ్. ఒకప్పుడిది తిమింగలాలను వేటాడిన బెస్తపల్లె. మూడవ నెపోలియన్ చక్రవర్తి తన రాణి యూజీనీ కొరకు 1850లలో ఇక్కడ విడిది నిర్మించడంతో దీని దశ తిరిగింది. 1834 నాటి దీపస్తంభం 248 మెట్లు ఎక్కితే తీరమంతా కనులకు కడుతుంది.

మమ్ములను మిక్కిలి ఆకర్షించినది కోట్ దే బాస్క్ తీరం. పోటు వేళ ఇసుక నీట మునుగుతుంది. ఆటు వేళ పలకలపై అలలను స్వారీ చేసే యువత కనిపిస్తుంది. 1957లో చలనచిత్ర రచయిత పీటర్ వియర్టెల్ ఈ సర్ఫింగ్ క్రీడను ఇక్కడికి తెచ్చారు.

ఆ క్రీడకు తోబుట్టువు సర్ఫ్ రాక్ సంగీతం. 1960ల ఆరంభంలో కాలిఫోర్నియాలో పుట్టింది. గిటారు నాదాన్ని స్ప్రింగుల గుండా పంపి ప్రతిధ్వని కల్పించడం దాని కిటుకు. అదే దశకంలో ఫ్రాన్సులో ‘యే-యే’ పాటలు యువతను ఉర్రూతలూగించాయి. ఈ రెండింటికీ ఎలక్ట్రానిక్ వాద్యాలు జోడించినది, సాషా గాట్, మార్లాన్ మన్యే 2010లో ప్రారంభించిన బియారిట్జ్ బృందం ‘లా ఫామ్’. 2013లో వెలువడిన తొలి ఆల్బమ్ ‘సైకో ట్రాపికల్ బెర్లిన్’కు మరుసటి ఏడు ‘విక్త్వార్’ జాతీయ సంగీత పురస్కారం లభించింది.

తాతల నాటి బాణీని మనుమలు ఎత్తుకోవడం అనుకరణ కాదా? అల సాగుతున్నా నీరు దాదాపు ఉన్నచోటనే ఊగుతుంది. ముందుకు సాగేది శక్తి మాత్రమే. బాణీ కూడా తరం నుండి తరానికి అట్లే సాగుతుంది. అందుకొనే యువత లేనినాడు ఏ సంగీతమైనా మ్యూజియం పాలే. బియారిట్జ్ మాకు నేర్పిన పాఠమిది.