మా మామయ్యగారి జాతి బల్ల

మలయ్ భాషలో టేకును ‘జాతి’ అంటారు. పెళ్ళయి అనకాపల్లి నుంచి క్లాంగ్ వచ్చిన కొత్తలో మా మామయ్యగారు భోజనాల బల్ల చూపించి ‘ఇది జాతి’ అంటే, ఏదో మేలుజాతి చెక్క కాబోలు అనుకున్నాను. 1994లో నెలనెలా వాయిదాలు కట్టి కొన్నారట. ఆయన పోయి రెండేళ్ళయింది. బల్ల మీద వేడి గిన్నెలు పెట్టిన గుండ్రటి తెల్ల మచ్చలు, అంచుల్లో పెచ్చులు లేచిన వార్నిష్. కొత్తది కొందాం అని మా ఆయన అంటే అత్తమ్మ ఏమీ అనలేదు. ఆ మౌనం నాకు అర్థమై, బాగుచేసే పని నెత్తినేసుకున్నాను.

ఇక్కడ శాండ్ పేపర్‌ని ‘కెర్తాస్ పాసిర్’ అంటారు, అంటే ఇసుక కాగితం. 80, 120, 220 నంబర్లు తెచ్చాను. ముందు గరుకుది, చివర నున్నటిది. ముక్కుకి మాస్కు కట్టుకుని, కారు బయట పెట్టించి, పోర్చ్‌లో మొదలుపెట్టాను. చెక్క చారల వెంటే రుద్దాలి. అడ్డంగా రుద్దితే ఆ గీతలు అప్పటికి కనబడవు, స్టెయిన్ పూశాక నల్లగా తేలతాయి. ఒక మూల నాకు అదే అయింది.

రెండోరోజుకి ముదురు గోధుమరంగు పోయి లేత పసుపు చెక్క బయటపడింది. దానిలో చిన్న చిన్న ముక్కలు, రెండు చేతుల వేళ్ళు ఒకదానిలో ఒకటి దూర్చినట్టు అతికి ఉన్నాయి. మా నాన్నగారింట్లో టేకు తలుపులున్నాయి, ఆ రంగూ ఆ వాసనా నాకు తెలుసు. ఇది టేకు కాదు. అత్తమ్మకి ఎలా చెప్పాలా అని రుద్దడం ఆపి కూర్చున్నాను.

టీ తెచ్చిన అత్తమ్మ ఒక్కసారి చూసి, ‘గెతా కదే’ అంది. గెతా అంటే రబ్బరు.

‘మీకు తెలుసా?’

‘తెల్దేటి? ఇంటికొచ్చినరోజే బల్ల కింద చెయ్యెట్టి సూసినాను. అడుగున వోళ్ళు రంగెయ్యలేదు.’

‘మరి మామయ్యగారికి చెప్పలేదా అత్తమ్మా?’

‘ఏటి సెప్తాను? వాయిదాలు కడతన్నారు.’

అత్తమ్మ పుట్టింది పేరాక్‌లో, తెలుక్ ఇంతాన్ దగ్గర రబ్బరు తోటలో. వాళ్ళ తాతలు మా విశాఖ వైపు నుంచి వచ్చినవాళ్ళే, అందుకే ఆవిడ తెలుగు నాకంటే మా అమ్మమ్మ తెలుగుకి దగ్గర. పదమూడో ఏట నుంచి తల్లి వెంట చెట్లకి గాట్లు పెట్టడానికి వెళ్ళేది. చల్లదనంలో పాలు బాగా కారతాయని తెల్లారక ముందే తోటలో ఉండాలి. వానొస్తే గాటు పెట్టడం కుదరదు, ఆ రోజు కూలీ ఉండదు. బ్రెజిల్ నుంచి 1876లో లండన్ చేరిన గింజల సంతతే ఈ చెట్లు. 1877లో కువాలా కంగ్సార్‌లో నాటినవాటిలో ఒకటి ఇంకా ఉంది. పాతిక ముప్ఫై ఏళ్ళకి పాలు తగ్గితే చెట్టు కొట్టేసి కొత్తది వేస్తారు. అత్తమ్మ చిన్నప్పుడు ఆ దుంగలు పొయ్యిలోకి, రబ్బరు షీట్లు ఆరబెట్టే పొగ ఇంట్లోకి పోయేవి. బూజు, పురుగు పట్టకుండా కొట్టిన వెంటనే మందు పెట్టి ఆరబెట్టడం వచ్చాకే అది ఫర్నిచర్ కలప అయింది. ఇప్పుడు జొహోర్‌లోని మువార్ ఊరంతా దాని పేరు మీదే బతుకుతుందంటే పెద్ద అతిశయోక్తి కాదు. నిటారుగా సాగే మాను పొడవు తక్కువ కనక ముక్కలు అతికిస్తారు.

లేత రంగు అందంగా ఉంది. అలాగే ఉంచి పైన వార్నిష్ వేద్దామన్నాను. అత్తమ్మ ఒప్పుకోలేదు. ‘మీ మామయ్య కొన్నది జాతి. నల్లగానే ఉండాల.’

మా తప్పల్లా నవంబర్‌లో పూయడం. ఈ పడమటి తీరంలో అవి రోజూ సాయంత్రం కుండపోత కురిసే రోజులు. డబ్బా మీద రాసిన గంటలు మన తేమకి సరిపోవు. నేను తొందరపడి రెండో పూత వేసేస్తే నాలుగు రోజులైనా చేతికి అంటుకుంది. మళ్ళీ రుద్ది, ఈసారి పూతకీ పూతకీ మధ్య రెండు రోజులు ఆగాను. మీరెవరైనా చేస్తుంటే ఒక మాట: నూనె స్టెయిన్ తుడిచిన గుడ్డలు ఉండచుట్టి చెత్తబుట్టలో పడేయకండి, వాటంతటవే అంటుకునే ప్రమాదం ఉంది. విప్పి బయట ఆరేయండి.

అడుగున మాత్రం ఏమీ పూయలేదు.

ఉగాదికి వచ్చిన మా ఆడపడుచు బల్ల మీద చెయ్యి రాసి, ‘నాన్న ఊరికే అనలేదు వదినా, జాతి జాతే’ అంది. అత్తమ్మ నా వైపు చూడకుండా, ‘పులిహోర సల్లారిపోతంది, తినండి’ అంది.