రెండేసి గంటల కరెంటు

ఇన్వర్టరు అన్న మాట తెలుగునాట పుట్టి పెరిగిన వారికి కొత్త కాదు. 2012 నాటి కరెంటు కోతలను చవిచూసిన వారికైతే అది ఇంట్లో మనిషి వంటిది. బ్యాటరీలోని ఏకముఖ విద్యుత్తును ఏకాంతర విద్యుత్తుగా మార్చి పంకా తిప్పే పెట్టె అది. దానికి సరిగ్గా ఎదురు పని చేసే తోబుట్టువు పేరు కన్వర్టరు. అమెరికాలో బండి వెనుక తగిలించుకుని పోయే క్యాంపింగు ట్రెయిలర్లలో ఇది కనిపిస్తుంది (సినిమా ట్రెయిలరు కాదు లెండి, చక్రాల మీది చిన్న ఇల్లు!). బయటి నుండి వచ్చే 120 వోల్టులను 12 వోల్టులుగా మార్చి, దీపాలకూ నీటి పంపుకూ అందిస్తూనే బ్యాటరీని కూడా నింపుతుంది. అటువంటి పెట్టెను ఒకదానిని ఎంచుకోవడానికి నేను జరిపిన మీమాంసే ఈ టపా.

2023 అక్టోబరులో కాలిఫోర్నియాలోని యోసెమిటీ లోయలో నాలుగు రాత్రులు గడపాలని సంకల్పించాము. అమ్మ గుంటూరు నుండి వచ్చి ఉన్నది. ఆమెకు నిద్రలో ఊపిరి ఆగే జబ్బు. పరీక్షలో గంటకు ముప్పై మార్లకు పైగా ఆగుతున్నట్టు తేలింది. ముక్కుకు గొట్టం తగిలించి, గాలిని ఒత్తిడితో పంపే సీపాప్ యంత్రం లేనిదే ఆమె పడుకోరాదు. యోసెమిటీ విడిదులలో ట్రెయిలరుకు కరెంటు దొరకదు. "నాలుగు రోజులు ఆ గొట్టం లేకపోతే ఏమవుతుందిరా?" అన్నది అమ్మ. ఏమవుతుందో పరీక్షించే ధైర్యం నాకు లేదు.

ముందుగా ఖర్చు లెక్క వేశాను. గ్యాసుతో మండే హీటరుకైనా గాలి విసిరే పంకాకు కరెంటు కావాలి. అది 8 ఆంపియర్లు తీసుకుంటుంది. ఆ చలికి రాత్రంతా కలిపి నాలుగు గంటలు తిరుగుతుందనుకుంటే 32 ఆంపియర్-గంటలు. అమ్మ యంత్రానికి, తేమనిచ్చే వేడిపళ్ళెం ఆపివేస్తే, 12. ఫ్రిజ్జు లోపలి సర్క్యూటు, గ్యాసు లీకును పసిగట్టే పరికరం వంటి నిద్రపోని ప్రాణులకు రోజుకు 24. దీపాలకూ పంపుకూ 5. వెరసి 73. మా ట్రెయిలరులో ఉన్నవి వరుసలో కలిపిన రెండు 6 వోల్టుల సీసం బ్యాటరీలు, 220 ఆంపియర్-గంటలవి. సీసం బ్యాటరీని సగానికి మించి వాడితే దాని ఆయుష్షు తరుగుతుంది. అంటే చేతిలో ఉన్నది 110. ఒకటిన్నర రోజుల కాపురం!

ఇక ఆదాయం. యోసెమిటీలో జనరేటరు నడపడానికి అనుమతి ఉన్నది ఉదయం 7 నుండి 9, మధ్యాహ్నం 12 నుండి 2, సాయంత్రం 5 నుండి 7 వరకు మాత్రమే. పొరుగు గుడారాల వారు నిద్ర లేవకముందే మోత మొదలుపెట్టడం మర్యాద కాదు కనుక ఉదయపు వేళను వదులుకున్నాను. మిగిలినవి రోజుకు నాలుగు గంటలు.

ట్రెయిలరుతో పాటు వచ్చిన పాత కన్వర్టరు ఎల్లవేళలా 13.6 వోల్టులే ఇచ్చేది. సగం ఖాళీ అయిన బ్యాటరీకి తగిలించి కొలిచాను. మొదట 18 ఆంపియర్లు, గంట తిరిగేసరికి పదిలోపు. నాలుగు గంటలకూ కలిపి 40 కూడా చేరదు. ఆకలితో వచ్చిన అతిథికి చెంచాతో అన్నం వడ్డించడమంటే ఇదే.

నేటి మంచి కన్వర్టర్లు మన పెళ్ళి పంక్తిలో వడ్డన తెలిసిన వారి వంటివి. ఆకలి మీద ఉన్నప్పుడు 14.4 వోల్టులతో గుమ్మరిస్తాయి. కడుపు నిండుతూ ఉండగా 13.6తో కొసరుతాయి, భోజనం ముగిశాక 13.2తో తాంబూలం చేతిలో పెడతాయి. ప్రోగ్రెసివ్ డైనమిక్స్ వారి పెట్టెలలో ఈ మూడు మెట్లూ ఉంటాయి.

45 ఆంపియర్లదా, 60దా అన్నది తరువాతి ప్రశ్న. పెద్దదే మేలనిపించడం సహజం. కాని 60 ఆంపియర్లను 14.4తో గుణిస్తే 864 వాట్లు. మార్పిడిలో పోయే నష్టం కలిపితే వెయ్యి. పవర్ ఫ్యాక్టరు 0.7 ఉండే పెట్టె అయితే జనరేటరు మీద పడే భారం 1400 దాటుతుంది. నా జనరేటరు ఆగకుండా ఇవ్వగలిగినది 1600. నాలుగు వేల అడుగుల ఎత్తున గాలి పలచబడి అది 1400కు దిగుతుంది. 45 ఆంపియర్లదైతే భారం 1100 దాటదు. పైగా సీసం బ్యాటరీకి దాని సామర్థ్యంలో ఐదో వంతు వేగం హితవు. 220లో ఐదో వంతు 44. కనుక 45.

అసలు కిటుకు తీగలో ఉన్నది. పాత కన్వర్టరు ట్రెయిలరు వెనుక, బ్యాటరీలు ముందు. నడుమ ఇరవై అడుగుల 6 గేజి తీగ. 45 ఆంపియర్లు పోనూ రానూ ఆ తీగలో 0.7 వోల్టులు హరించుకుపోతాయి. 14.4 కాస్తా 13.7గా చేరుతుంది, కొత్త పెట్టె కొన్న పుణ్యం దారిలోనే ఖర్చు! అందుకని కొత్తదానిని ముందువైపు సామాను అరలోకి మార్చాను. 120 వోల్టుల తీగ పొడవైనా నష్టం స్వల్పం. 12 వోల్టులది పొట్టిగా, లావుగా ఉండాలి. ఆరడుగుల 4 గేజి తీగతో నష్టం 0.13కు తగ్గింది. బ్యాటరీలున్న పెట్టెలోనే మాత్రం పెట్టరాదు. చార్జింగులో వెలువడే హైడ్రోజనుకు ఒక్క నిప్పురవ్వ చాలు.

లిథియం సంగతి అడుగుతారని తెలుసు. దాదాపు నిండే వరకూ పూర్తి వేగంతో తాగుతుంది కనుక రెండేసి గంటల కరెంటుకు అదే తగినది. అయితే 0 డిగ్రీల సెల్సియస్ కన్నా చల్లబడితే దానిని చార్జి చేయరాదు. నా సీసం బ్యాటరీలకు అప్పటికి ఏడాదే నిండింది. అవి అరిగాక చూడవచ్చు.

నాలుగు రాత్రులూ అమ్మ యంత్రం ఆగలేదు. మానిటరులో నిలువ ఏ ఉదయమూ అరవై శాతానికి దిగలేదు. ఏ సాయంత్రమూ తొంభై దాటి పెద్దగా పోలేదు. ఆ చివరి పది శాతాన్ని ఎంత మంచి కన్వర్టరూ తొందరపెట్టలేదు. ఇల్లు చేరాక ఒక రాత్రంతా గోడకు తగిలించి ఉంచితే గాని నిండదు, నిండకుండా వదిలితే సీసం పలకల మీద సల్ఫేటు గడ్డకడుతుంది. కనుక, మిత్రులారా, కన్వర్టరు కొనేటప్పుడు పెట్టె మీది ఆంపియర్లను చూసి మురిసిపోకండి. బ్యాటరీ మొనల దగ్గర ఎన్ని వోల్టులు చేరుతున్నవో, ఎన్ని గంటలు చేరుతున్నవో లెక్క కట్టండి. సీపాప్‌తో ప్రయాణాలు చేసేవారు మీలో ఉంటే మీ లెక్కలు కూడా తెలుపగలరు.