అభా కొండల మీద ఒక తేనె డబ్బా

జూలైలో రియాద్ ఎండ ఎలా ఉంటుందో గల్ఫ్‌లో ఉన్నవాళ్ళకి నేను కొత్తగా చెప్పక్కర్లేదు. అమెరికా, ఆస్ట్రేలియాల్లో ఉన్నవాళ్ళు మాత్రం రోహిణీ కార్తెలో మా ప్రొద్దుటూరుని ఒకసారి తలుచుకుని, దానికి ఇంకో రెండు మూడు డిగ్రీలు కలుపుకోండి. 2024 వేసవిలో మా క్లయింటు 'గో-లైవ్' తేదీ ముందుకు జరపడంతో ఇండియా టిక్కెట్లు కాన్సిల్ చేసుకోవాల్సి వచ్చింది. పిల్లల మొహాలు వాడిపోయాయి. "కనీసం ఊటీ లాంటి చోటైనా చూపించండి" అంది మా ఆవిడ, ఎడారిలో ఊటీ ఎక్కడ దొరుకుతుందిలే అన్న ధీమాతో. కానీ ఉంది. దాని పేరు అభా.

రియాద్ నుంచి దాదాపు వెయ్యి కిలోమీటర్లు. విమానంలో వెళ్తే రెండు గంటల లోపే, కానీ పిల్లలతో కారు ప్రయాణం సరదాగా ఉంటుందని బయలుదేరాం. (ఈ మాట పిల్లలతో వెయ్యి కిలోమీటర్లు ఎప్పుడూ వెళ్ళనివాళ్ళే అంటారు.) వాది అద్దవాసిర్ దాకా ఇసుక, మధ్యమధ్య ఒంటెలు, పెట్రోలు బంకులు. ఖమీస్ ముషైత్ దగ్గర పడుతుంటే కొండలు మొదలయ్యాయి. అభా చేరేసరికి సాయంత్రం అయిదు. కారు అద్దం దించితే చల్లగాలి. మా అమ్మాయి స్వెటర్ అడిగింది! సౌదీలో, జూలైలో, స్వెటర్!

అసీర్ ప్రాంతానికి అభా ముఖ్యపట్టణం. సముద్రమట్టానికి రెండువేల రెండువందల మీటర్ల పైన, అంటే అచ్చంగా మన ఊటీ ఎత్తులోనే ఉంటుంది. పక్కనే ఉన్న సూదా కొండ మూడువేల మీటర్లు దాటుతుంది. జునిపర్ చెట్ల మధ్య నుంచి పొగమంచు వచ్చి రోడ్డుని మింగేస్తుంటుంది. రోడ్డు పక్కన గోడల మీద కోతుల మందలు. మన కోతులు కావు, జూలున్న బబూన్‌లు. మా అమ్మాయి చేతిలోని చిప్స్ ప్యాకెట్టు మూడు సెకన్లలో మాయం చేసింది ఒకటి. తిరుమల మెట్ల దారిలో కొంచెం అనుభవం ఉంది కాబట్టి నేను నా అరటిపళ్ళు దాచుకోగలిగాను.

సూదా నుంచి రిజాల్ అల్మా ఊరికి దిగే ఘాట్ రోడ్డు గురించి ఎంత చెప్పినా తక్కువే. బ్రేకులు వాసన వచ్చేదాకా మలుపులు. కింద లోయలో రాతితో కట్టిన నాలుగైదు అంతస్తుల ఇళ్ళు, ఒక్కో ఇల్లు ఒక్కో బురుజులా ఉంటుంది. కిటికీల చుట్టూ తెల్లటి చెకుముకి రాళ్ళు పొదిగారు. లోపల గోడల మీద ఆడవాళ్ళు వేసే రంగురంగుల గీతలూ, ముక్కోణాలూ చూసి మా ఆవిడ "అచ్చం మన ముగ్గుల్లా ఉన్నాయి" అని ఫోనులో యాభై ఫోటోలు తీసింది. వీటిని 'అల్-ఖత్ అల్-అసీరీ' అంటారు. 2017లో యునెస్కో వారసత్వ జాబితాలో చేరాయి. ఇక్కడి కొండజాతి మగవాళ్ళు తలకి పూలదండలు చుట్టుకుంటారు. బంతిపూలు, మల్లెలు, ఏవో సువాసన ఆకులు. నడుముకి బాకు, తల మీద పూలు! మా అబ్బాయికి అది తెగ నచ్చింది.

వాడికి అంతకన్నా నచ్చింది చెక్‌పోస్టులు. దారిలో చాలా వచ్చాయి. తుపాకులు పట్టుకున్న సైనికులు ప్రతి కారులోకీ వంగి చూస్తున్నారు. "నాన్నా, ఇక్కడ కూడా కార్టెల్స్ ఉంటాయా?" అనడిగాడు. పదమూడేళ్ళ వాడికి కార్టెల్ అన్న మాట ఎక్కడిది అంటే నెట్‌ఫ్లిక్స్. వాళ్ళ మామయ్య, అంటే మా బావమరిది, టెక్సాస్‌లో ఎల్ పాసోలో ఉంటాడు. రెండేళ్ళ క్రితం అక్కడికి వెళ్ళినప్పుడు కొండ మీద నుంచి రాత్రిపూట లైట్లు చూపిస్తూ "ఇటు సగం అమెరికా, అటు సగం మెక్సికో" అని చెప్పాడు. రెండూ కలిసి ఒకే ఊరిలా మెరుస్తుంటాయి. 2010లో అటువైపు హువారెస్‌లో మూడువేల మందికి పైగా హత్యకు గురైతే, ఇటువైపు ఎల్ పాసోలో జరిగిన హత్యలు అయిదు. మధ్యలో ఉన్నది ఒక బక్క నది.

మా బావమరిది చెప్పిన ఒక విషయం నాకు అప్పట్లో వింతగా తోచింది. మెక్సికో మొత్తానికి చట్టబద్ధంగా తుపాకి అమ్మే దుకాణాలు రెండే, అవీ సైన్యం చేతిలోనే ఉంటాయి. మరి హంతకుల చేతుల్లో అన్ని తుపాకులెలా వచ్చాయి? టెక్సాస్, అరిజోనా దుకాణాల నుంచి. ఏటా రెండు లక్షల దాకా అలా దాటుతున్నాయని మెక్సికో ప్రభుత్వం అంటుంది. దుకాణానికి వెళ్ళేది దొంగ కాదు. పోలీసు రికార్డులో మచ్చలేని కాలేజీ కుర్రాడో, ఇల్లాలో వెళ్ళి తన పేరు మీద కొని, వంద రెండొందల డాలర్లు తీసుకుని చేతులు మారుస్తారు. "బావా, వాళ్ళకి కావలసింది గూండాలు కాదు, నీలాంటి మంచి మొహాలు" అన్నాడు నవ్వుతూ. మెక్సికో ప్రభుత్వం 2021లో అమెరికా తుపాకి కంపెనీల మీద దావా వేసింది. 2025 జూన్‌లో అక్కడి సుప్రీంకోర్టు ఏకగ్రీవంగా దాన్ని కొట్టేసింది.

అభాలో కథ తిరగబడుతుంది. అక్కడ ధనిక దేశం నుంచి పేద దేశానికి తుపాకులు వెళ్తే, ఇక్కడ పేద దేశమైన యెమెన్ నుంచి ధనిక దేశంలోకి వస్తాయి. సరిహద్దు అభాకి నూటపది కిలోమీటర్ల దూరం. మొత్తం పొడవు పదమూడు వందల కిలోమీటర్ల పైమాటే. 1934లో రెండు దేశాలకీ యుద్ధం జరిగి, తాయిఫ్ ఒప్పందంతో అసీర్, జీజాన్, నజ్రాన్ ప్రాంతాలు సౌదీకి దక్కాయి. పూర్తి గీత గీయడానికి 2000 జూన్‌లో జిద్దా ఒప్పందం దాకా ఆగాల్సి వచ్చింది. కొండకి ఇటువైపు మేనత్త, అటువైపు మేనల్లుడు ఉన్న తెగలకి ఆ గీత కాగితం మీదే ఉండిపోయింది. అప్పుడెప్పుడో పెళ్ళికి వెళ్ళిన దారే ఇప్పుడు దొంగసరుకు దారి.

యెమెన్‌లో తుపాకి మన దగ్గర కండువా లాంటిది, మగవాడి వేషంలో భాగం. సాదా పట్టణం దగ్గర సూక్ అత్తల్హ్ అనే సంతలో ఒకప్పుడు కలాష్నికోవ్‌లు కూరగాయల్లా అమ్మేవారు. యెమెన్‌లో ఆరు కోట్ల తుపాకులున్నాయని, మనిషికి మూడని చాలాకాలం అందరూ రాస్తుండేవారు. స్మాల్ ఆర్మ్స్ సర్వే వాళ్ళు 2003లో లెక్కగట్టి, అరవై నుంచి తొంభై లక్షల మధ్య ఉంటాయన్నారు. అదే సంస్థ 2017 లెక్క ప్రకారం వందమందికి సుమారు 53 తుపాకులు. వందమందికి 120తో అమెరికా మాత్రం అందరికన్నా పైనే ఉంది. 2014 తర్వాత అంతర్యుద్ధంలో సైన్యం గిడ్డంగులు దోపిడీ అయ్యాయి. సముద్రం మీద నుంచీ వచ్చిపడ్డాయి. 2021 డిసెంబర్‌లో అమెరికా నౌకాదళం ఒక్క చేపల పడవలోనే 1,400 ఏకే-47లు పట్టుకుంది.

తుపాకులతో పాటు, నిజానికి తుపాకులకన్నా ఎక్కువగా, ఇటు దాటేది ఖాత్ ఆకు. యెమెన్‌లో మధ్యాహ్నం భోజనం అయ్యాక బుగ్గన పెట్టుకుని గంటల తరబడి నములుతారు. అక్కడ చట్టబద్ధం, ఇక్కడ నిషేధం. కోసిన ఒకటి రెండు రోజుల్లోనే ఆకు మత్తు తగ్గిపోతుంది కాబట్టి సరుకు పరుగులు పెట్టాలి. రాత్రిపూట కొండదారుల్లో మనుషులూ గాడిదలూ మోసుకొచ్చి, తెల్లారేసరికి కార్లలోకి ఎక్కిస్తారు. సౌదీ ప్రభుత్వం 2003లో కాంక్రీటు నింపిన పైపులతో అడ్డుకట్ట మొదలుపెట్టింది. యెమెన్ గొడవ చేయడంతో 2004లో ఆపి, తర్వాత మళ్ళీ కొనసాగించింది. కొండకి కంచె వేయడమంటే ఎంత కష్టమో, ఆ లోయలు చూస్తే గానీ అర్థం కాదు.

ఆ దారుల్లోనే ఇథియోపియా కుర్రాళ్ళు కూలిపని వెతుక్కుంటూ వస్తారు. ఘాట్ రోడ్డు మీద చెప్పులు చేత్తో పట్టుకుని నడుస్తున్న ముగ్గురిని చూశాం. సరిహద్దు దళాల కాల్పుల్లో ఇలాంటి వలసదారులు వందల మంది చనిపోయారని హ్యూమన్ రైట్స్ వాచ్ 2023 ఆగస్టులో నివేదిక ఇచ్చింది. అవి నిరాధారమని సౌదీ ప్రభుత్వం ఖండించింది. మా ఆవిడ కారాపి నీళ్ళ సీసాలు ఇద్దామంది. నేను ఆపలేదు. భయం వేసింది. ఆ మాట ఇక్కడ రాయడానికి సిగ్గుగానే ఉంది.

అభా కూడా దెబ్బలు తిన్న ఊరే. 2015 ఆగస్టులో పోలీసు దళాల మసీదులో ఆత్మాహుతి దాడి జరిగి పదిహేనుమంది చనిపోయారు. 2019 జూన్ 12న విమానాశ్రయం అరైవల్స్ హాలు మీద యెమెన్ నుంచి హౌతీల క్షిపణి పడి ఇరవై ఆరుమంది గాయపడ్డారు. వాళ్ళలో ఒక భారతీయ మహిళ కూడా ఉంది. పదకొండు రోజుల తర్వాత మళ్ళీ దాడి. ఒక సిరియా పౌరుడు చనిపోయాడు, గాయపడినవారిలో నలుగురు మనవాళ్ళు. 2022 ఏప్రిల్‌లో సంధి కుదిరాక ఈ వార్తలు తగ్గాయి. మేము వెళ్ళినప్పుడు ఆ ఎయిర్‌పోర్టు ముందు పూలమొక్కలు, టాక్సీలు, బంధువుల కోసం ఎదురుచూసే జనం. మామూలు ఎయిర్‌పోర్టే.

ఇక తేనె డబ్బా సంగతి.

ఆఖరి రోజు పొద్దున అభా మంగళవారం సంతకి వెళ్ళాం. ఈ కొండల తేనెకి చాలా పేరు. ఒక దుకాణం ముందు రుచి చూస్తుంటే పాతికేళ్ళ కుర్రాడొకడు మాట కలిపాడు. వచ్చీరాని హిందీ, నవ్వుమొహం. పిల్లలకి ఖర్జూరాలు ఇచ్చాడు. రియాద్ వెళ్తున్నామని తెలిసి, "మా బావ బత్హాలో ఉంటాడు, ఈ తేనె డబ్బా అందిస్తారా? కొరియర్‌లో పంపితే కారిపోతోంది" అన్నాడు. అయిదు లీటర్ల రేకు డబ్బా. మూత చుట్టూ టేపు. మన ఊళ్ళో బస్సు డ్రైవరు చేతికి నెయ్యి డబ్బా ఇచ్చి పంపడం చూసి పెరిగినవాణ్ణి, కాదనలేకపోయాను. డిక్కీలో పెట్టించుకున్నాను. వెళ్తూ వెళ్తూ "పెట్రోలుకి" అని రెండువందల రియాళ్ళు జేబులో కుక్కి, ఫోన్ నంబరు రాసిచ్చాడు.

హోటల్ పక్కన బఖాలాలో నీళ్ళ కేసు కొనడానికి ఆగాను. ఆ కొట్లో పనిచేసే తమ్ముడిది జగిత్యాల. మూడు రోజులుగా మాకు స్నేహితుడైపోయాడు. కేసు పెట్టడానికి డిక్కీ తెరిచి ఆగిపోయాడు.

"అన్నా, గీ డబ్బా ఎవలిది?"

చెప్పాను. రెండువందలు ఇచ్చిన సంగతి కూడా చెప్పాను, అతగాడి మర్యాద తెలియాలని.

"తేనెకు రెండొందల రియాళ్ళ కిరాయి ఎవడిస్తడన్నా?"

నా దగ్గర జవాబు లేదు. కారులో పిల్లలుంటే డిక్కీ తెరవరని ఇక్కడ అందరికీ తెలుసట. అందుకే ఫ్యామిలీ కార్లంటే కొందరికి ప్రేమ. "గండ్ల ఆకుండనీ, గోలీలుండనీ, తుపాకి గుండ్లుండనీ, దొరికితే డబ్బా నీదే అయితది. నాకు దెల్వదంటే ఇనేటోడు ఉండడు" అన్నాడు. మత్తుమందుల కేసుల్లో ఇక్కడ మరణశిక్షల అమలు 2022 నవంబర్‌లో మళ్ళీ మొదలైంది. ఆ వార్త నేను రియాద్‌లో ఏసీ గదిలో కూర్చుని చదివినవాణ్ణే. నన్ను కాదులే అనుకున్నాను.

మా ఆవిడ ఏమీ అనలేదు. ముందు సీట్లో కూర్చుని దుప్పట్టా అంచు మెలిపెడుతోంది. అది తిట్టడం కన్నా ఎక్కువ.

మూత తీసి చూద్దామా అన్నాను. "చూసినాక ఏం జేస్తవ్?" అన్నాడు తమ్ముడు. నిజమే. ఆ నంబరుకి ఫోన్ చేసి, ప్రయాణం వాయిదా పడిందని అబద్ధం చెప్పాను. ఇరవై నిమిషాల్లో వచ్చాడు. డబ్బా ఇచ్చాను, రెండువందలూ ఇచ్చాను. ఎందుకని అడగలేదు. నవ్వలేదు కూడా. డబ్బాని చంటిపిల్లలా చంకన పెట్టుకుని నడిచి వెళ్ళిపోయాడు.

"ఆ అంకుల్ దొంగా నాన్నా?" అంది మా అమ్మాయి.

"తెలియదమ్మా."

ఇప్పటికీ తెలియదు. నిజంగా తేనే అయితే ఒక మంచి కుర్రాణ్ణి అవమానించాను. మా కడప జిల్లాలో ఫ్యాక్షన్ రోజుల్లో ఇలాగే ఉండేది. పక్కవాడి సంచిలో నాటుబాంబులున్నాయో నాటుకోడిగుడ్లున్నాయో తెలియక బస్సంతా బిగుసుకుని కూర్చునేది. చాలాసార్లు గుడ్లే ఉండేవి.

దుకాణంలో బిల్లు వేయించుకుని వేరే తేనె కొన్నాం. ఖమీస్ ముషైత్ దాటాక చెక్‌పోస్టు. నా అరచేతులు తడిసిపోయాయి, డిక్కీలో సూట్‌కేసులు తప్ప ఏమీ లేవని తెలిసినా. సైనికుడు వంగి ఇఖామా చూశాడు. వెనక సీట్లో పిల్లల్ని చూశాడు. మా అమ్మాయికి చెయ్యి ఊపి, వెళ్ళమన్నాడు.

కాస్త దూరం పోయాక మా అబ్బాయి మెల్లగా అన్నాడు. "నాన్నా, వాళ్ళు డిక్కీ చూడనే లేదు."

"చూడలేదు" అన్నాను.

వాది అద్దవాసిర్ దాకా కారులో పాటలు పెట్టమని ఎవరూ అడగలేదు.