పుస్తకం కలిపిన సోపతి



ఈ వారం సోపతి గురించి రాస్తున్న. నా దగ్గరి దోస్తుల్లో సగం మందిని నేను ఏండ్ల తరబడి కండ్లతో చూడలేదు. వాళ్ల ఇల్లు ఎరుక లేదు, ఇంట్లో ఎంతమందో ఎరుక లేదు. ఏ పుస్తకం కాడ కన్నీళ్లు పెట్టుకున్నరో, దేన్ని సగంలో పక్కకు పడేసిండ్రో మాత్రం తెలుసు. ఫోన్‌లో పుట్టిన సోపతి ఇది. "గదేం సోపతి, మొఖం చూడకుండ?" అని మా అమ్మ అడుగుతది. ఆమెకు చెప్పినట్టే మీకూ చెప్త.

మేం ముగ్గురం. నేను జనగామ. అన్నది భూపాలపల్లి, సింగరేణి కాకతీయ ఖనిలో పని. చెల్లెది మానుకోట దగ్గర తండా, ప్రైవేటు బడిలో టీచరమ్మ. (బోర్డు మీద మహబూబాబాద్ అని ఉన్నా మా దిక్కు నోట్లో అది మానుకోటనే.) ఇద్దరి పేర్లు రాయను, వద్దన్నరు. ఒకప్పుడు ముగ్గురం వరంగల్ జిల్లానే. 2016 అక్టోబర్ 11, దసరా నాడు కొత్త జిల్లాలు వచ్చినయి, మేం మూడు జిల్లాలోళ్లమైనం. అంతకు నెల ముందే, సెప్టెంబర్ 5న, జియో సిమ్ వచ్చింది. సర్కారు ముగ్గురిని మూడు దిక్కులేస్తే సిమ్ కార్డు ఒక్కకాడికి తెచ్చింది.

అన్న పరిచయమైంది ‘కక్క’ వల్ల. వేముల ఎల్లయ్య గారి నవల, 2000లో వచ్చింది. నల్లగొండ మాదిగోళ్ల నోటి మాటలోనే నడిచే నవల. దాని మీద నేను రాసిన నాలుగు ముక్కలు చదివి, అన్న రాత్రి రెండు గంటలకు మెసేజ్ పెట్టిండు. "సార్, ఈ పుస్తకం ఏడ దొరుకుతది? మా ఇంట్ల గిట్లనే మాట్లాడుతరు. గీ మాటలు పుస్తకంల ఉంటయా?" నైట్ షిఫ్ట్ ఖాళీలో రాసిండని తర్వాత తెలిసింది. కాపీ బజార్లో దొరకలేదు. నాదే పంపిన. భూపాలపల్లికి రైలు లేదు కదా, జనగామ బస్టాండులో ఆర్టీసీ కార్గోలో వేసిన. 2020లో ఆ కార్గో పెట్టినప్పటి నుంచి మా పుస్తకాలకు అదే పోస్టాఫీసు. మానుకోటకైతే ఇంకా అల్క. గోల్కొండ, కృష్ణా ఎక్స్‌ప్రెస్‌లు రెండు ఊర్లలోనూ ఆగుతయి, పోయేటోళ్ల చేతిలో పెడితే సరిపోతది.

నెల దాటినంక అన్న నుంచి ఏడు ఫొటోలు వచ్చినయి. నోటు పుస్తకం పేజీలు. నవలలోని మాటలు రాసుకొని, వాళ్లింట్లో ఏవి వాడుతరో, ఏవి ముసలోళ్లతోనే పోయినయో, ఏవి అసలే వినలేదో మూడు వరసల్లో రాసిండు. నేను తెలుగులో పీహెచ్‌డీ చేసిన. పదకోశాలు చూసిన, సెమినార్లలో పేపర్లు విన్న. అసుంటి చదువరిని చూడలే. అట్లా మాట పుస్తకం మీది నుంచి తోలు పని మీదికి పోయింది. "లంద అంటే ఏంది సార్?" అని అడిగిండు. తోళ్లు నానబెట్టే గుంత అని, తంగేడు చెక్క ఎట్ల వేస్తరో, ఆ వాసన తాత చేతుల నుంచి చచ్చేదాంక ఎట్ల పోలేదో చెప్పిన. చాలాసేపు ఏం రాయలేదు. తర్వాత రాసిండు. "మేం మాలోళ్లం సార్. మా ఇంటికి మీ వాడకు నడుమ వాగు లేదు, గుట్ట లేదు. గీ మాట నాకు నలభై ఏండ్లకు తెలిసింది."

ఆ రోజే సార్ పోయి తమ్మీ అయింది. తర్వాత మేం ముగ్గురం పెట్టుకున్న వాట్సాప్ గ్రూపు పేరు ‘లంద’.

ఇట్ల దూరం నుంచి దోస్తీ చేసుడు కొత్త కాదు. మన వారపత్రికల్లో ‘కలం స్నేహం’ అని వచ్చేది, పెద్దోళ్లకు యాదికుంటది. పేరు, వయసు, అలవాట్లు, అడ్రసు అచ్చయ్యేవి. మా మేనమామ కూడా పేరు పంపిండు, అలవాట్లలో ‘నవలలు చదవడం’ అని రాసి. అడ్రసు మాత్రం బడిది ఇచ్చిండు, హెడ్మాస్టర్ గారి ద్వారా అని. ఇంటి అడ్రసు రాస్తే అందులో హరిజనవాడ అని రాయాలె కదా. రాజమండ్రి దిక్కు నుంచి ఒకాయన రెండేండ్లు ఉత్తరాలు రాసిండు. ఒకసారి మీ ఊరికి వస్తనని రాస్తే మామ జవాబు రాయడం ఆపేసిండు. ఆ ఉత్తరాల కట్ట ఇప్పటికీ ఇనుప పెట్టెలో ఉన్నది.

ఊర్లోనే లైబ్రరీ ఉండె గదా అంటరు. ఉండె. 1960 నాటి గ్రంథాలయాల చట్టం ప్రకారం ఇంటి పన్నులో రూపాయికి 8 పైసలు గ్రంథాలయ సెస్సు. వాడలో ఇండ్లు కూడా కట్టినయి. కుర్చీలు మాత్రం ఎవరివో ఊరంతా తెలుసు. పేపరు వాళ్లు చదివి మడతపెట్టినంక మేం గోడకు ఆనుకొని నిలబడి చదివేటోళ్లం. చదవడం దొరికింది. చదివినదాని గురించి పక్కోనితో "ఇది బాగుంది, ఇది అబద్ధం" అని మాట్లాడుడు దొరకలే. ఒక్కడే చదివి ఒక్కడే దాచుకునుడు ఎట్లుంటదో వాడల నుంచి వచ్చినోళ్లను అడగండి.

ఇంటర్నెట్‌లో తెలుగు చదువరుల ముచ్చట మొదలుపెట్టింది అమెరికాలో ఉన్న తెలుగోళ్లు. 1998లో ‘ఈమాట’ వచ్చింది, యాహూలో ‘రచ్చబండ’ నడిచింది, 2009లో ‘పుస్తకం.నెట్’ వచ్చింది. వాటిల్లో మంచి పని జరిగింది, నా పరిశోధనకు పనికొచ్చింది, కాదనను. కానీ 2009లో నేను ఎస్సీ హాస్టల్లో ఉన్న. నెట్ సెంటర్లో గంట పైసలు కట్టి స్కాలర్‌షిప్ ఫారం నింపుకొచ్చుడే నా ఇంటర్నెట్. రచ్చబండ అనే పేరు చూసినప్పుడల్లా నాకు నవ్వొస్తది. మా ఊరి రచ్చబండ మీద మా తాత ఎన్నడూ కూసోలే. నెట్ రచ్చబండ మీద ఎవరూ కూసోవద్దనలే, కంప్యూటర్ లేనోడు ఎట్లాగూ రాడు గదా.

2016 ఆ లెక్క మార్చింది. అది జియో ఏడాదే కాదు. ఆ జనవరి 17న రోహిత్ వేముల పోయిండు. కార్ల్ సాగన్ లెక్క సైన్సు రచయిత కావాలనుకున్న పిల్లగాడు. అతని ఫేస్‌బుక్ రాతలన్నీ పోగేసి, జర్నలిస్టు నిఖిలా హెన్రీ సంపాదకత్వంలో, ఆ ఏడే ‘క్యాస్ట్ ఈజ్ నాట్ ఎ రూమర్’ అని ఇంగ్లీషు పుస్తకం తెచ్చిండ్రు. పోస్టులు పుస్తకమైనయి. చెల్లె మాకు దొరికింది ఆ పుస్తకం వల్లనే. ఇంగ్లీషులో చదువుతూ, అర్థం కాని వాక్యాలను ఫొటో తీసి నాకు పంపేది. రోజుకు రెండు పేజీలు. అట్ల మూడు నెలలు.

చెల్లె ముచ్చట వేరే చెప్పాలె, ఎందుకంటే ఆన్‌లైన్ సోపతి ఆడపిల్లకు మాకున్నంత అల్క కాదు. ఆమె ప్రొఫైల్ ఫొటో మోదుగు పువ్వు. పుస్తకం పేరుతో మాట మొదలుపెట్టి మూడో రోజు ఫొటో అడిగినోళ్లు, చలం గురించి మొదలుపెట్టి అర్ధరాత్రి "ఏం చేస్తున్నవ్" దాకా వచ్చినోళ్లు చాలామంది అని చెప్పింది. అందులో పేరున్న కవులు కూడా ఉన్నరట. "అన్నా అనే మాట నాకు తలుపు గొళ్లెం లెక్క" అన్నది ఒకసారి. మేం మొదటి నెల ఆమెతో మాట్లాడినదంతా ఇంట్లోవాళ్లు చదివిండ్రు. ఫోన్ ఆమెదే, రీచార్జ్ ఆమె జీతంతోనే. అయినా చదివిండ్రు. పుస్తకాలు తప్ప ఏం లేకపోయేసరికి విసుగొచ్చి ఇడిచిపెట్టిండ్రట.

ఇక ఇంకో రకం దోస్తు గురించి. హైదరాబాద్‌లో ఉంటరు, నాలుగేండ్ల పరిచయం. ‘చివరకు మిగిలేది’ మీద ఆయనా నేనూ రాసుకున్నది అచ్చేస్తే చిన్న పుస్తకమైతది. ఒకనాడు నేను మా వాడ గురించి, అమ్మ నాట్లకు పోయే రోజుల గురించి రాసిన. ఆయన మెసేజ్ పెట్టిండు. "మీరు అలా అనిపించలేదండీ. మీ తెలుగు చూసి వేరే అనుకున్నాను." పొగడ్తే అనుకొని పెట్టిండు, సందేహం లేదు. జాషువా పద్యానికి మురిసి, తర్వాత కులమడిగిన కాలం నుంచి ఇదే వరస. "ఏమనుకున్నరు?" అని అడిగిన. చూసినట్టు నీలి గీతలు పడ్డయి. మూడు రోజులు జవాబు లేదు. నాలుగో రోజు ఏదో రష్యన్ నవల లింకు వచ్చింది. ఇప్పటికీ రష్యన్ నవలల గురించి మాట్లాడుతరు, బాగనే మాట్లాడుతరు. గోగు శ్యామల గారి ‘నల్లపొద్దు’ గురించో, ‘చిక్కనవుతున్న పాట’ గురించో రాస్తే మాత్రం ఆ దిక్కు రారు. నేను ఆయన్ను తీసెయ్యలే. పుస్తకాల ఎరుక ఉన్న మనిషి. దాన్ని సోపతి అనను, అంగట్లో ఎదురుపడుడు అంటా.

బాబాసాహెబ్ జీవితంలో ఒక దోస్తు ఉన్నడు, మనం ఎక్కువ చెప్పుకోం. నవల్ భతేనా అనే పారశీ. కొలంబియాలో చదివే రోజుల్లో హాస్టల్లో పరిచయం. 1917లో బరోడాలో ఉద్యోగానికి వచ్చిన అంబేడ్కర్, ఇల్లు దొరకక, పేరు మార్చుకొని పారశీ సత్రంలో దిగితే పదకొండో రోజు కట్టెలు పట్టుకొని వచ్చి వెళ్లగొట్టింది కూడా పారశీలే. ఆ తర్వాత 1920లో చదువు పూర్తి చెయ్యడానికి ఆయన మళ్లీ లండన్ పోయినప్పుడు 5 వేల రూపాయలు అప్పిచ్చినోడు అదే భతేనా. న్యూయార్క్‌లో దోస్తీ చేసుడు అల్క కావచ్చు, అక్కడ ఊరు లేదు, వాడ లేదు. ఆన్‌లైన్ కూడా న్యూయార్క్ లాంటిదే అనిపిస్తది నాకు. బొంబాయిలో దిగినంక కూడా దోస్తుగా ఉన్నడా లేదా అన్నదే నేను చూస్త.

మాకూ ఆ దినం వచ్చింది. 2024 ఆగస్టు 1. ఎస్సీ వర్గీకరణ రాష్ట్రాలు చేసుకోవచ్చని సుప్రీంకోర్టు ఏడుగురు జడ్జీల తీర్పు. 1994లో దండోరా మొదలైనప్పుడు నేను చిన్నపిల్లగాణ్ణి. 2004లో అదే కోర్టు వర్గీకరణను కొట్టేసిన నాడు మా నాయిన అన్నం తినలేదు. ఈ తీర్పు నాడు మా ఇంట్లో పండుగ. ‘లంద’ గ్రూపులో మాత్రం ఒక్క ముక్క లేదు. నేను రాయలేదు, అన్న రాయలేదు. అన్న కొడుకు పోటీ పరీక్షలకు చదువుతుండు. ఆ ఇంట్లో ఆ రాత్రి ఏం మాట్లాడుకున్నరో నేను ఊహించుకోగలను. పంతొమ్మిది రోజులు గ్రూపు మూగగా ఉన్నది.

చెల్లె రాసింది. "అన్నలూ, మీ పంచాయితీ తెగేదాంక ‘నల్లపొద్దు’ నాకు ఎవలు పంపుతరు?"

ఆ రాత్రి అన్న ఫోన్ చేసిండు. అప్పటిదాకా రాసుకోవడమే, గొంతు వినుడు అదే మొదటిసారి. గంటన్నర పైనే మాట్లాడినం. మావాళ్లకు ఎన్ని పోస్టులు వచ్చినయో, జనంలో మేమెంతో చెప్పిన. "ఉన్నయే తక్కువ. ఖనిలో పర్మినెంట్ పోయి కాంట్రాక్ట్ వస్తుంటే, ఆ మిగిలిన ముక్క గురించి మనమిద్దరం కొట్లాడుతున్నం తమ్మీ" అన్నడు. ఆయన మాటలో నిజమున్నది. అది చూపించి మా వాటా ఇంకా వాయిదా వెయ్యమంటే ఒప్పుకోనన్న. ఆయన ఒప్పుకోలే, నేనూ ఒప్పుకోలే. ఫోన్ పెట్టేముందు "లంద అనే పేరు తియ్యకు" అన్నడు.

2025 ఏప్రిల్ 14న తెలంగాణలో చట్టం అమలైంది, 59 కులాలను మూడు గ్రూపులు చేసిండ్రు. ఆ పొద్దు అన్న "జై భీమ్ తమ్మీ" అని పెట్టిండు. నేను "జై భీమ్ అన్నా" అని పెట్టిన. అంతే. రెండు రోజులకు ‘అంటరాని వసంతం’ మళ్లా ఒకసారి ముగ్గురం కలిసి చదువుదామా అని అడిగిండు. చదివినం. ఆ వానకాలమే జనగామకు వచ్చిండు. అమ్మ బోటి కూర వండింది. తినుకుంటనే వర్గీకరణ గురించి మళ్లా గొడవపడ్డం. అమ్మ గిన్నె పట్టుకొని నిలబడి "ముందు తినుండ్రి, తర్వాత కొట్టుకోండ్రి" అన్నది. మొఖం చూడని సోపతి ఏందని ఇప్పుడు అడుగుతలేదు.

‘నల్లపొద్దు’ ఇప్పుడు మానుకోటలో ఉన్నది. అందులో నా ఎర్ర పెన్ను గీతలున్నయి, అన్న పెన్సిల్ ప్రశ్నలున్నయి. చెల్లె మొన్న కొన్ని పేజీల ఫొటోలు పంపింది. అంచుల్లో ఆమె తెలుగు అక్షరాల్లో ఏదో రాసింది. అక్షరాలు చదవగలను, ఒక్క మాట అర్థం కాదు. గోర్ బోలీ, ఆమె అమ్మ భాష, సొంత లిపి లేదు. ఏం రాసినవు చెల్లె, అర్థం చెప్పు అంటే "మీ పుస్తకాలు చదవడానికి నేను తెలుగు నేర్చుకున్న గదా అన్నా, నువ్వూ నేర్చుకో" అన్నది.

ఇప్పటికి పదకొండు మాటలు వచ్చినయి.

(మిగతాది వచ్చే ఆదివారం)